నాలుగు రోజుల మొగుడు

"ఓడ సాయంత్రం ఐదింటికి," అన్నాడు కర్నల్ సల్దీవార్. "అప్పటిదాకా నువ్వు ఆమె మొగుడివి. ఐదు దాటితే పెళ్లామూ లేదు, లిస్టూ లేదు."

లిస్టు సంగతి ఎవేలియోకి తెలుసు. విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది ఏజెంట్ల అసలు పేర్లు. నాలుగు రోజుల క్రితం ఆఫీసులోనే ఎవరో దాన్ని ఫోటో తీశారు. ఆ ఫిల్మ్ హవానా రేవు దాటిందంటే పదకొండు ఇళ్లలో ఏడుపులే.

"ఓబర్లిని కనిపెట్టుకుని ఉండు," అన్నాడు కర్నల్. ఓబర్లి టూరిస్టు ఓడలో వచ్చిన స్విస్ స్టాంపుల వ్యాపారి. అసలు పని ఒక విదేశీ గూఢచారి ముఠాకు సరుకు మోయడం. "ఫిల్మ్ ఇంకా వాడికి చేరలేదు. చేరేది ఇవాళే. వాడికి ఇచ్చేదెవరో నాకు కావాలి."

"మిషన్ అయ్యాక నూరియా సంగతేంటి సార్?"

కర్నల్ కళ్లజోడు పైనుంచి చూశాడు. "స్పెయిన్‌కి, కాదిస్ వెళ్లిపోతుంది. ఏం, నిజంగానే కాపురం పెడదామనుకున్నావా?"

కర్నల్ నవ్వాడు. ఎవేలియో కూడా నవ్వాడు, నిజంగా అదే అనుకున్నాడు కాబట్టి.

నూరియా స్పెయిన్‌లో పుట్టి పెరిగిన ఏజెంటు. హవానా మొహం ఎరగదు. ఫైల్లో అలాగే ఉంది. ఓడ దిగిన స్పానిష్ దంపతులుగా ఇద్దరికీ వేషం కట్టించారు. నలభై నాలుగేళ్ల బ్రహ్మచారికి నాలుగు రోజులు పెళ్లాం వేషంలో ఒక అందగత్తెను పక్కన నిలబెడితే ఏమవుతుందో ఆఫీసు ఆలోచించలేదు.

పొద్దుటినుంచీ వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు. పుట్టి పెరిగిన ఊరిని గైడు పుస్తకం చూసి చదవాల్సిన ఖర్మ పట్టింది ఎవేలియోకి.

"ఏమండోయ్ శ్రీవారూ, ఈ చర్చి ఎన్నేళ్లనాటిది?"

"పేజీ తిప్పనీ."

"అంతోటి దానికి మొగుడెందుకు? పుస్తకాన్నే చేసుకునేదాన్ని."

ఓబర్లి వెనకాలే తిరుగుతూ కోట చూశారు. సముద్రపు గోడ వెంట నడుస్తుంటే అల ఒకటి లేచి ఇద్దర్నీ నిలువునా తడిపింది. పుస్తకంలో లేని ఒక సందులో, వానలో బట్టలు వేలాడుతున్న ఓ బాల్కనీ కింద ఆమె ఆగిపోయింది. చెప్పు కరుస్తోందట. మెడలో కెమెరా ఉంది. దాన్ని గోడల మీద పెట్టి, టైమర్ నొక్కి, పరుగెత్తుకొచ్చి అతన్ని హత్తుకుని నిలబడేది. నాలుగు రోజుల్లో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మూడున్నరకు ఆమెకు ఐస్‌క్రీం మీద మనసు పుట్టింది. వాన పడుతోందని ఐస్‌క్రీం మానేసే ఊరు కాదది. క్యూ మాత్రం కంటికి కనిపించలేదు. జనమంతా ఎవరి వెనక ఎవరో గుర్తుపెట్టుకుని వరండాల కిందా, ఎదురింటి మెట్ల మీదా చెల్లాచెదురుగా ఉన్నారు. నూరియా షాపు గుమ్మం వైపు చూడనైనా లేదు. వరండా మధ్యలో నిలబడి గొంతెత్తింది.

"ఆఖరెవరండీ?"

నీలం స్కార్ఫు ముసలావిడ చెయ్యెత్తింది. "నేనేనమ్మా."

"మీరెవరి వెనక?"

"అదిగో, ఆ మీసాలాయన వెనక."

ఎవేలియో ఆమె వైపు తిరిగాడు. మొదటి ప్రశ్న గైడు పుస్తకంలో ఉంటుంది. రెండోది ఉండదు. ముందున్న మనిషి విసుగొచ్చి ఇంటికి పోతే తన చోటు గల్లంతు కాకుండా అడిగే ప్రశ్న అది. అమ్మ చెయ్యి పట్టుకుని ఈ ఊరి క్యూల్లో పెరిగినవాళ్లకే అది నోటికొస్తుంది.

అంటే ఫైలంతా అబద్ధం. లిస్టు పోయిన రోజున ఆఫీసులో అడుగుపెట్టిన కొత్త మనిషి ఒక్కతే.

"ఏ పేట మీది?" అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. "సెర్రో," అంది చివరికి. "పదో ఏట తీసుకెళ్లిపోయారు. ఈ ఊరు ఎరగనట్టు ఉండటానికి ముఠావాళ్లు ఆరేళ్లు ట్రైనింగ్ ఇచ్చారు. ఐస్‌క్రీం అనేసరికి అంతా మరిచిపోయాను."

"పొద్దున ఆ బాల్కనీ..."

"మాదే." ఆమె కళ్లు నిండాయి. "ఊరి గురించి అబద్ధమాడాను ఎవేలియో. లిస్టు గురించి అబద్ధమాడాను. నీ గురించి ఒక్కటీ ఆడలేదు."

అతను నమ్మాడు. నమ్మకపోయి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

"ముచ్చటైన జంట!" వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇద్దరికీ కలిపి ఒక ఫోటో తీయనా?"

ఓబర్లి! వాన కోటు కింద ఉబ్బెత్తుగా అలాంటిదే ఇంకో కెమెరా. మార్చుకోవడానికి ఒక్క క్షణం చాలు.

నూరియా తటపటాయించింది. తర్వాత మెడలోంచి పట్టీ తీసి ఇచ్చింది. ఆమెకూ పైవాళ్లున్నారు. ఓబర్లి రెండడుగులు వెనక్కి వేసి పక్కకు తిరిగాడు. కెమెరా కోటులోకి జారుతుండగా ఎవేలియో అతని మణికట్టు పట్టుకుని, కెమెరా వెనక మూత తెరిచి, ఫిల్మంతా బయటికి లాగేశాడు.

పగటి వెలుతురు తగిలింది. పదకొండు పేర్లూ మాడిపోయాయి. వాటితోపాటు సముద్రపు గోడ దగ్గర ఆమె తడిసిన జుట్టూ, అతని భుజం మీద ఆమె తలా, అన్నీ పోయాయి. ఆమెతో కలిసి అతనికున్న ఫోటోలు అవే.

ఎదురు మెట్ల మీద పేపర్లు చదువుతున్న ఇద్దరు ఆఫీసు మనుషులు లేచి ఓబర్లి రెక్కలు విరిచి పట్టుకున్నారు. బూడిదరంగు కారు వచ్చి ఆగింది.

"చెయ్యివ్వండి శ్రీవారూ," అంది నూరియా. "నలుగురూ చూస్తున్నారు."

కారు ఇరవై అడుగుల దూరం. గొడుగు పూర్తిగా ఆమె మీదే పట్టాడు.

"శభాష్," అన్నాడు కర్నల్ ముందు సీట్లోంచి. "ఇంటికెళ్లి పడుకో."

ఇంటికెళ్లబుద్ధి కాలేదు. ఎవేలియో తిరిగి వరండాలోకే వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. రేవులో ఓడ కూత వేసింది. అతను ఏడుస్తున్నాడో తడిశాడో ఎవరికీ తెలియలేదు.

వాళ్ల తర్వాత వచ్చిన లావుపాటి ఆవిడ భుజం తట్టింది.

"బాబూ, మీ ఆవిడ వెనక నేను. ఆవిడ రాకపోతే నేనెవరి వెనక?"

"నా వెనకండి."

"మరి మీరు?"

"మా ఆవిడ వెనక."

"ఆవిడ కారెక్కి వెళ్లిపోయిందిగా, నా కళ్లతో చూశాను!" అందావిడ జాలిగా. "అయితే మీ వంతు పోయినట్టే నాయనా."