ఇరవై ఒకటో ప్రశ్న

ఆదివారం పొద్దున ఓల్ఫా వంటింటి బల్ల మీద రొట్టె, ఆలివ్ నూనె, కాగితాల గుట్ట. ప్రేమ, డేటింగ్ అంటే స్ఫాక్స్ ఊరి పిల్లలకు ఎంత భయమో కొలవడం ఆమె పరిశోధన. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కుల భయం. పేరు రాయక్కర్లేదు. నెల తర్వాత మళ్ళీ రాయిస్తారు కాబట్టి రెండు కాగితాలు జతపరచడానికి ఒక గుర్తు: తల్లి పేరులో మొదటి రెండక్షరాలు, తాము పుట్టిన తేదీ. ఆ గుర్తు ఆమె సొంత తెలివే. కూతురి తరగతికే కాగితాలు పంచుతూ, ఆ పిల్ల తల్లి తానేనన్న సంగతి మాత్రం తట్టలేదు మహాతల్లికి.

‘ఓల్-17’: తన పేరు, కూతురు పుట్టిన తేదీ. నూటికి తొంభై నాలుగు. పక్కన పెట్టాల్సింది. అక్షరం వదలకుండా చదివింది.

కూతురు సిరీన్ వచ్చి కుర్చీ లాక్కుంది.

“ఇంత భయమంటే ఎవడో ఉన్నట్టే. ఎవరే వాడు?” అంది ఓల్ఫా.

సిరీన్ కాగితం చూసి పాలిపోయింది. “ఎవరిదో తెలీదని మా అందరి ముందూ చెప్పావు కదమ్మా.”

“నేనేం పరాయిదాన్నా? మీ అమ్మని.”

“అందుకే.”

“పరీక్ష పెట్టినావిడే తప్పిందన్నమాట,” అన్నాడు భర్త మోంజీ, టీ కలుపుతూ.

“మీరూరుకోండి. ఈ ఒక్క కాగితం తీసేస్తాను, సరేనా?”

“మా క్లాసులో ఇంకెంతమంది అమ్మల పేర్లు తెలుసు నీకు?” అంది సిరీన్.

ఓల్ఫా లోలోపల లెక్కపెట్టుకుంది. సగం మందివి తెలుసు.

సోమవారం ఆమె తరగతి ముందు నిలబడింది. “ఈ గుర్తుతో మీలో సగం మందిని పట్టేయగలను. తప్పు నాది,” అని నాలుగు నెలల శ్రమనూ వాళ్ళ కళ్ళ ముందే చింపేసింది. ఒక్క కాగితమూ మిగల్చలేదు.

సాయంత్రం సిరీన్ తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంది.

“మళ్ళీ మొదలుపెడతావా?”

“పెడతాను. ఈసారి గుర్తు మీరే పెట్టుకోండి.”

“ఇంకో ప్రశ్న కలుపు. ఇంట్లో తెలిస్తే అమ్మ మొహం ఎలా మారుతుందోనని భయమా, అని. అందరం అయిదే పెడతాం.” సిరీన్ తల్లి చెయ్యి పట్టుకుంది. “అబ్బాయంటే అంత భయం లేదమ్మా నాకు. ఆ మొహమంటేనే. నిన్న చూశాను కూడా.”

ఓల్ఫా కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఆ అబ్బాయి పేరు అడగాలని ప్రాణం కొట్టుకుంటున్నా అడగలేదు.