తలకాయ వాటా

పొద్దున్నే తేషిక్ కారు తుడిచి, ముందు సీట్లో భార్యకోసం శాలువా కూడా మడిచిపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఇలాంటి బుద్ధి ఆయనకి ఎన్నడూ పుట్టలేదు. మర్నాడు పదింటికి ఇద్దరూ కుటుంబ కోర్టులో నిలబడి, ఇష్టపడే విడిపోతున్నామని చెప్పాలి. ఆయన ఎగ్గొడితే దావా వేస్తానని భార్య ఓక్‌రన్ ముందే చెప్పేసింది. ఇక మారాల్సింది ఆవిడ మనసే. అందుకు మిగిలింది ఈ ఒక్క రోజు. అందుకే ఈ గుడి, సముద్రం, మంచి భోజనం.

బొప్సొంగ్‌పో రేవులో ప్రతి కొట్టు ముందూ తాళ్లకు కట్టిన ఎండు గుల్బి చేపలు వేలాడుతున్నాయి. కొండమీద బుద్ధుడి ముందు తేషిక్ చాలాసేపు మోకరిల్లి లేచాడు.

“ఏం కోరుకున్నారు?”

“నీకు తెలీదా?”

“తెలుసు. పాపం, ఆయన్నెందుకు ఇబ్బంది పెడతారు?”

సముద్రం దగ్గర ఫోటో తీసుకుందామంటే, “ఎవరింట్లో పెట్టుకోవడానికి?” అంది.

మధ్యాహ్నం హోటలావిడ నంజుళ్లున్న ఇరవై చిన్న గిన్నెల నడుమ కాల్చిన పెద్ద గుల్బిని తెచ్చిపెట్టింది. తేషిక్‌కి హుషారొచ్చింది.

“తలకాయ ఈవిడకి వెయ్యండక్కా. మా ఆవిడకి తలకాయంటే ప్రాణం.”

ఓక్‌రన్ చెంచా కింద పెట్టింది.

“ఎవరు చెప్పారు?”

“చెప్పేదేముంది? ఎప్పుడూ అదేగా నువ్వు తినేది.”

“నడిముక్క మీరే వొలిచి మీ అమ్మగారి చెంచాలో పెట్టేవారు. పొట్ట వైపు మనమ్మాయిది. తోక వైపు మీది. ఇక వంటింట్లో తినే నాకు ఏం మిగిలేదండీ?”

“అడగొచ్చుగా.”

“అడిగాను, కొత్తలో. మీ అమ్మగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తిండిపోతుని కట్టుకున్నానని మీరు చుట్టాలందరి ముందూ నవ్వారు.”

తేషిక్ నడిముక్క తుంచి, ముళ్లు తీసి, ఆవిడ చెంచాలో పెట్టాడు.

“మీ అమ్మగారు పోయి రెండేళ్లయింది,” అంది ఓక్‌రన్. “ఆ చెంచా ఖాళీ అయిందని ఇప్పుడు నాకు పెడుతున్నారా?”

చేప పళ్లెం తన ముందుకి లాక్కుంది. తలకాయ విరిచి ఆయన అన్నం మీద పెట్టింది.

“తినండి.”

ఆవిడ మాత్రం ఆ చేపతో పాటు ఇచ్చే చల్లటి టీనీళ్లు పోసుకున్న అన్నంతో నడిముక్కంతా నెమ్మదిగా, ఒక్క పీచు మిగల్చకుండా తింది. ఆయన నమిలాడు. నోటినిండా ఎముకా, ఉప్పూ.

“ఇందులో ఏమీ లేదే.”

“లేదు.”

“మరి ఎలా తినేదానివి?”

“వంటింట్లోకి తొంగి చూస్తే తెలిసేది.”

ఆయన కళ్లలోంచి నీళ్లు జారాయి. పక్క బల్ల తుడుస్తున్న హోటలావిడ మొహం తిప్పుకుంది. ఓక్‌రన్ కాగితం రుమాళ్లు ఆయన వైపు జరిపింది.

“ఏడిస్తే ఏడవండి. గొంతులో ముల్లు దిగకుండా చూసుకోండి.”

“రేపు...”

“పదింటికి. ఆలస్యం చెయ్యకండి.”

తేషిక్ తలకాయలో మిగిలిన ఎముకని పళ్లెం అంచున పెట్టాడు.

“వస్తాను,” అన్నాడు.

ఆవిడ అడిగినదానికి ఆయన మారుమాట లేకుండా ఒప్పుకోవడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదటిసారి.