ధార పరీక్ష గది

“ఈ మిషన్‌కి నిన్ను మించినవాడు లేడు,” అన్నాడు చీఫ్. “జబ్బు నటించక్కర్లేదు కదా.”

బల్ల చుట్టూ కూర్చున్న కుర్రాళ్ళు ఫైళ్ళలోకి తలలు దించి నవ్వారు. ఏజెంటు నవ్వలేదు. బిచ్చగాడిగా, బ్యాంకు మేనేజరుగా, ఒకసారి శవంగా కూడా వేషం కట్టినవాడు. ఈసారి వేషం అతని ఒళ్ళే.

బ్రీఫింగ్ చిన్నది. పెరిగిపోయి మూత్రానికి అడ్డుపడే ప్రోస్టేటు గ్రంథికి ఒక చవక మందు మీద క్లినికల్ ట్రయల్ నడుస్తోంది. కొందరికి మందు, కొందరికి ఉత్తి పిండి మాత్ర. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఖరీదైన పాత మందు అమ్ముకునే విదేశీ ముఠా ఈ ట్రయల్‌ని చంపాలని చూస్తోంది.

“లోపల మన మనిషే ఒకావిడ ఉంది. ‘ఈ గడియారం వెనకబడింది’ అంటే ఆమే.”

ఆమె ట్రయల్ కోఆర్డినేటర్. కళ్ళు తిప్పుకోలేనంత అందం. ఒకప్పుడు అలాంటివాళ్ళు అతన్ని కౌగిలించుకుని వెన్నులో పొడవాలని చూసేవాళ్ళు. ఈమె, “ఈ గడియారం వెనకబడింది బాబాయ్ గారూ,” అంటూ మాత్రల డబ్బా చేతిలో పెట్టింది.

మందు పనిచేసింది. గోడ ముందు నిలబడి తన ఒంటిని తానే బతిమాలుకోవడం తగ్గింది.

“ఏంటండీ, ఈమధ్య కసురుకోవడం లేదు?” అంది భార్య.

అతనికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తన కోపాన్ని వ్యక్తిత్వం అనుకున్నాడు. అది నిండిన మూత్రాశయం మాత్రమే.

కోఆర్డినేటర్ కొత్త డబ్బా ఇచ్చాక అంతా మొదటికొచ్చింది.

ఆఖరి పరీక్షకి పిలిచిన రోజు, ఆస్పత్రి బాత్రూంలో తలుపేసుకుని డిపార్ట్‌మెంటు ఇచ్చిన పెన్ను తీశాడు. మాత్రకి ఆనిస్తే, మందైతే పచ్చగా, పిండైతే ఎర్రగా వెలుగుతుంది. కానీ తన డబ్బాలో ఏముందో తెలుసుకున్న రోగికి ట్రయల్‌లో చోటు లేదు. చాలాసేపు తటపటాయించాడు. మిగిలిన పాత మాత్రకి పచ్చ. కొత్తదానికి ఎరుపు. అంటే మందు తీసుకునేవాళ్ళ డబ్బాలు ఎవరో మార్చేస్తున్నారు.

ధార పరీక్ష గదిలో గరాటు యంత్రం ఉంది. అందులో మూత్రం పోస్తే ఆ వేగం గీతగా పక్కగదిలో డాక్టరు తెర మీద పడుతుంది. ఇతనే చివరి రోగి. ఈ గీత పడగానే డాక్టరు ఫలితాలు లాక్ చేస్తాడు. ఆపైన మందు పనికిరానిదన్న తీర్పుని ఎవరూ మార్చలేరు.

వెనకాలే కోఆర్డినేటర్ వచ్చి కారిడార్ తలుపుకి గడియ పెట్టింది. తెల్లకోటులోంచి పిస్టల్ తీసింది.

“రెండు జీతాలా?” అన్నాడు.

“మన డిపార్ట్‌మెంటు జీతం మీకు తెలీదా? బాత్రూం తలుపు కింద ఎర్ర వెలుగు చూశాను. అరవకుండా కానివ్వండి. తొందరేం లేదు బాబాయ్ గారూ, మీకు ఎలాగూ టైం పడుతుందిగా.”

రోగులు తాగడానికి పెట్టిన నీళ్ళ జగ్గు పక్కనే ఉంది. ఎత్తి మొత్తం ఒక్కసారిగా గరాటులో కుమ్మరించాడు.

పక్కగదిలో కుర్చీ పడిన చప్పుడు.

“ఎవరయ్యా అది! ఈ వయసులో ఇంత ధారా!”

లాక్ బటన్ మీదున్న వేలు తీసేసి డాక్టరు పక్క తలుపు తోసుకొచ్చాడు. ఆమె చూపు అటు తిరిగింది. అది చాలు. పిస్టల్ నేల మీద, మణికట్టు ఏజెంటు పిడికిట్లో.

సాయంత్రం చీఫ్ స్వయంగా వచ్చాడు. మిగతా రోగులందరికీ సరైన మాత్రలతో ట్రయల్ మళ్ళీ మొదలవుతుందట.

“మరి నాకు?”

డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “మీకు తెలిసిపోయింది కదండీ. రూలు రూలే. మందు బజారుకి రావడానికి ఇంకా ఎన్నేళ్ళో...”

“నీ సేవ మరువలేనిదయ్యా,” అన్నాడు చీఫ్. “పద, కారు రెడీగా ఉంది.”

“ఒక్క నిమిషం. బాత్రూంకి వెళ్ళొస్తాను.”

చీఫ్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంజన్ ఆపేయమని డ్రైవరుకి ఫోన్ చేశాడు.