ముఖదర్శిని

రెండు వేల డెబ్బై ఒకటి నాటికి కార్లు వాటంతటవే నడవడం నేర్చాయి. మనవాళ్ళు స్టీరింగు వదిలితేనా! కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే సైకిల్ బాట రోడ్డును దాటేచోట రోజూ ప్రాణగండమే. ఎర్ర దీపం పెట్టారు, స్పీడ్ బ్రేకర్ వేశారు, ఇంత పెద్ద బోర్డు కట్టారు. ఎవడాగాడు?

అప్పుడు డాక్టర్ విరూపాక్షం ‘ముఖదర్శిని’ కనిపెట్టాడు. బాట మీది సెన్సర్లు సైకిల్ రాకను పసిగడతాయి. సీటులోని మనోగ్రాహకం డ్రైవరు మనసు చదువుతుంది. వెంటనే కారు అద్దం మీద, సైకిల్ ఉన్నచోటే, అతనికి ప్రాణప్రదమైన మనిషి ముఖం వెలుగుతుంది. సొంతవాళ్ళు ఎదురైతే ఆగనివాడుంటాడా అని ఆయన ధీమా.

ఉన్నారు! తొలి పరీక్షలో ఒక్క కారూ ఆగలేదు. సైకిళ్ళవాళ్ళే బతుకుజీవుడా అని ఆగారు. “వీళ్ళకు బుద్ధి లేదు, నేను చూపిస్తా” అని విరూపాక్షమే కారు తీశాడు. అద్దం మీద చిన్నకూతురు ఇందీవర ముఖం. సైకిల్ మీదున్నదీ నిజంగా ఇందీవరే. అయినా ఆయన కాలు బ్రేకు మీదికి పోలేదు. పిల్ల గభాల్న పక్కకు తిప్పి, పడి, మోచెయ్యి చీరుకుంది.

ఇంకొక్క అవకాశం ఇస్తాం, అదీ పోతే గోడ కట్టి బాట మూసేస్తామన్నారు అధికారులు. ఇందీవర కాలేజీకి వెళ్ళేది ఆ బాట మీదే.

“నేనెందుకు ఆపలేదు?” అని ముఖదర్శినినే అడిగాడు విరూపాక్షం. అది మాటలు కూడా నేర్చిన యంత్రం.

“‘మన పిల్లేగా, అదే ఆగుతుందిలే’ అనుకున్నారండీ. అందరూ అంతే. ముఖం నన్ను ఎంచుకోనివ్వండి.”

“ఎవరిదైనా పెట్టు. నా పిల్ల క్షేమంగా దాటితే చాలు.”

రెండో పరీక్షకు ఇందీవర కట్టుకట్టిన చేత్తోనే సైకిలెక్కింది. వద్దమ్మా అంటే వినలేదు. వచ్చిన ప్రతి కారూ బుద్ధిగా గీత దగ్గర ఆగింది. ఒకాయనైతే కారు దిగి నమస్కారం కూడా పెట్టాడు! చివరికి విరూపాక్షం వంతు. అద్దం మీద ముఖం వెలగగానే కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. చెయ్యి చొక్కా గుండీలు సర్దుకుంది. ఎదుట పెద్దకూతురి మామగారు, సాక్షాత్తూ వియ్యంకుడుగారు.

ఇందీవర నింపాదిగా రోడ్డు దాటి, సైకిలు నిలబెట్టి కారు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు.

“ఎంత చక్కగా ఆపావు నాన్నా! అద్దంలో నేనే కనబడ్డానా?”

విరూపాక్షం అద్దంకేసి చూశాడు. వియ్యంకుడుగారు ఇంకా గంభీరంగా చూస్తూనే ఉన్నారు.

“నువ్వు కాక ఇంకెవరమ్మా,” అన్నాడు.