మధ్య సీటు జడ్జి

స్కూల్ బస్సు మలుపు తిరిగేసరికి షూ మధ్య సీటు దాకా వచ్చేసింది.

చిన్న షూ. లేసు ఊడి వేలాడుతోంది. అది ముందు సీటులో కూర్చునే బుడతది. బుడత మూడో తరగతి పిల్ల, నోట్లో నాలుక లేని రకం. వెనక సీటు వాళ్ళకి రోజూ ఆ పిల్ల షూతోనే ఆట. ఒకడు వెళ్ళి లాగేస్తాడు. అది చేతులు మారుతూ వెనక్కి వస్తుంది. బుడత దిగేది మొదటి స్టాపులోనే. ఒంటి షూతో దిగుతుంది. బస్సు కదిలాక వాళ్ళు రెండోది కిటికీలోంచి విసిరేస్తారు. ఆ పిల్ల కుంటుకుంటూ వెళ్ళి ఏరుకోవాలి.

మధ్య సీటు అమ్మాయి షూ అందుకుంది. వెనక్కి అందించింది. చేతులు దులుపుకుంది.

ఈ ఆరో తరగతి అమ్మాయిని బస్సులో అందరూ జడ్జి అంటారు. ఎవరి గొడవలోనూ తలదూర్చదు కాబట్టి ఆ పేరు. ముందు సీటు వాళ్ళు ఆమెకి హోంవర్క్ చూపిస్తారు. వెనక సీటు వాళ్ళు కిటికీ పక్కన చోటు ఆపి ఉంచుతారు. అటూ స్నేహమే, ఇటూ స్నేహమే. ఎంత హాయి!

బుడత ఒకసారి అడిగింది కూడా. "అక్కా, మేడమ్‌కి చెబుదాం, నాతో వస్తావా?"

"నేను లాగలేదుగా," అంది జడ్జి. "నా చేతికొచ్చింది, పక్కకిచ్చాను. నన్ను మీ గొడవల్లోకి లాగొద్దు."

ఒకరోజు సాయంత్రం జడ్జి ఒళ్ళో చార్టు ఉంది. గుండె బొమ్మ. రాత్రుళ్ళు కూర్చుని గీసింది. రంగులు పూర్తి చేసి తెమ్మని సైన్స్ మేడమ్ ఇంటికి పంపింది.

వెనక సీటు పొడుగోడికి షూ ఆట విసుగొచ్చినట్టుంది. చెయ్యి చాపి చార్టు లాగేశాడు. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి బస్సంతా తిరిగింది.

"ఆపండి, అది నాది!" అని అరిచింది జడ్జి. పక్కవాడి చెయ్యి పట్టుకుంది. "నువ్వైనా ఆపొచ్చుగా?"

"నా చేతికొచ్చింది, పక్కకిచ్చాను," అన్నాడు వాడు. "నాకెందుకు జడ్జీ మీ గొడవ?"

చార్టు తిరిగొచ్చేసరికి మడతలు పడిపోయింది. గుండె మధ్యలో ఎవరిదో షూ ముద్ర. జడ్జికి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది ఉండి ఒక్కరూ ఆపరా, ఇదేం అన్యాయం అని ఇంటికెళ్ళేదాకా గొణుగుతూనే ఉంది. అన్యాయమే, కాదనను. కానీ ఆ మాట ఆమెకి ఆ రోజే గుర్తొచ్చింది చూశారా, నాకు మండేది అక్కడే.

పొద్దున్నే జడ్జి వెళ్ళి బుడత క్లాసు ముందు నిలబడింది. "పద, మేడమ్‌కి చెబుదాం. ఇద్దరం కలిసి వాళ్ళ సంగతి తేలుద్దాం."

"ఇప్పుడా అక్కా?"

"ఇప్పుడే. నా చార్టుని ఏం చేశారో చూశావుగా."

"చూశాను," అంది బుడత. "నువ్వు కూడా నా షూని రోజూ చూశావుగా."

గొంతు పెంచకుండానే అనేసి, క్లాసులోకి వెళ్ళిపోయింది. జడ్జికి చెంపలు వేడెక్కాయి.

ఆ రోజు సోషల్ క్లాసులో యుద్ధం పాఠం. ఒక దేశం ఏ పక్షంలోనూ చేరకుండా రెండు పక్షాలకీ సరుకులు అమ్ముకుంటూ ఉండిపోయింది. చివరికి అదీ యుద్ధంలోకి దిగింది.

"ఎందుకు దిగింది?" అడిగారు సార్.

"వాళ్ళ ఓడల్ని ముంచేశారు సార్," అన్నాడు ఒకడు.

"మరి అంతకుముందు పక్క దేశాల ఓడలు మునిగినప్పుడో?"

"అవి వాళ్ళవి కాదుగా సార్."

క్లాసంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు.

సాయంత్రం బస్సులో పొడుగోడే స్వయంగా ఆమె దగ్గరికొచ్చాడు. "నిన్న సరదాకి చేశాం జడ్జీ. ఇంక నీ వస్తువుల జోలికి రాం. కిటికీ సీటు ఎప్పటికీ నీదే." నిజం చెప్పాలంటే, ఆమె కోపం సగం చల్లారింది కూడా.

అంతలోనే ముందు నుంచి షూ వచ్చింది. జడ్జి చేతిలో ఆగింది.

"అందించు," అన్నాడు పొడుగోడు.

"ఇవ్వను."

"నీ జోలికి రామన్నాంగా. అది నీ షూ కాదుగా."

"కాదు," అంది జడ్జి. షూని గుండెకి అదుముకుని లేచింది.

వెనక నుంచి ఒకటే గోల. గోడ మీద పిల్లి దూకిందిరోయ్ అని ఎవరో అరిచారు. అయినా ఆమె నడిచి ముందుకెళ్ళి, బుడత పక్కన దారి వైపు ఇరుక్కుని కూర్చుంది.

"ఇక నేనిక్కడే కూర్చుంటా," అంది. "రేపు నువ్వు సరేనంటే మేడమ్ దగ్గరికి వెళ్దాం. నీ షూ సంగతే చెబుదాం. నా చార్టు సంగతి తర్వాత."

బుడత థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, తన షూ తనకి దొరికినందుకా? షూ తొడుక్కుని లేసు గట్టిగా బిగించి కట్టుకుంది. స్టాపు రాగానే రెండు కాళ్ళకీ షూలతో దిగింది.