ఉప్పుగాలికి పేజీ

భోజనం బెల్లు కొట్టేలోపే సుభాషిణి మూడు పేజీలు తిరస్కరించింది. నాలుగోది ‘ఉప్పుగాలి’ అనే పాటల బృందం. ఊరు భీమిలి. వాయించేవాళ్లలో నలుగురు పడవ మునిగి చనిపోయారు. సభ్యుల పేర్ల మీద నల్లగీత కొట్టి ఉంది. విశ్వకోశంలో పేజీ ఇవ్వాలో వద్దో తేల్చే నిర్ణేతకు పేర్లు చూపకూడదు.

విశ్వకోశ భవనంలో నిర్ణేత ఉద్యోగం ఎంత పాపిష్టిదో తెలియాలంటే జ్ఞాపిక సంగతి చెప్పాలి. చెవి వెనక బియ్యపు గింజంత ఉండే ఆ పరికరం వచ్చాక మనుషులు సొంతంగా గుర్తుపెట్టుకోవడం మానేశారు. అందరి జ్ఞాపకాలూ ఒకే భాండాగారంలో ఉంటాయి. అయినవాళ్ల ముఖాలకు కుటుంబ కోటా ఉంది. పాటలు, బృందాలు మాత్రం లోకానికి సంబంధించినవట! విశ్వకోశంలో పేజీ దక్కకపోతే, ముద్ర పడిన పావుగంటలో అందరి తలల్లోంచీ వాటిని శుద్ధి చేస్తారు; తీర్పిచ్చిన నిర్ణేతకు మాత్రం విచారణలో విన్నది మిగులుతుంది.

ఎదురుగా అర్జీ పెట్టిన అప్పలనర్సమ్మ కూర్చుంది. డ్రమ్ము వాయించిన గవరయ్యకు అక్క; అర్జీలో బంధుత్వం రాయాలి కాబట్టి ఆ పేరొక్కటే కొట్టలేదు.

“మూడు స్వతంత్ర సాక్ష్యాలు కావాలమ్మా. మీరు తెచ్చింది పేపర్లో రెండు లైన్లు.”

“మైకుసెట్టు సింహాద్రి రాసిచ్చినాడు కదమ్మా?”

“ఆయన వాళ్ల దగ్గర అద్దె తీసుకున్నాడు. చెల్లదు.”

“పెళ్లిళ్లల్లో ఇన్నోళ్లు ఏలమంది తల్లీ! ఆళ్లు మనుసులు కారేటి?”

“విన్నవాళ్లు సాక్షులు కారు. రాసినవాళ్లే సాక్షులు.”

ముసలమ్మ ఆమెను అదేపనిగా చూసింది. “నన్ను గుర్తుపట్టనేదా తల్లీ?”

“ఫైలు నా చేతికి రాకముందే దానికి సంబంధించిన జ్ఞాపకాలన్నీ నా తలలోంచి తీసి భద్రపరుస్తారు. దీన్ని తటస్థీకరణ అంటారు. తీర్పయ్యాక తిరిగిస్తారు. ఏమైనా తీశారో లేదో మాకూ చెప్పరు. తీర్పుకు ముందు మీరు చెప్పినా అర్జీ రద్దవుతుంది.”

అప్పలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె తన మీంచి చూపు తిప్పకపోతే సుభాషిణికి ఎందుకో భయమేసింది. జాలి కాదు, భయమే. అయినా నిబంధన నిబంధనే. ముద్ర వేసింది: ప్రాముఖ్యత లేదు.

“ఇప్పుడు సెప్పొచ్చా?”

“చెప్పండి.”

“మా తమ్ముడి పక్కన ఏడేళ్లు వయొలిన్ వాయించినావు. ఆ రోజు జొరమొచ్చి నువ్వు పడవెక్కనేదు. నా సేత్తోనే గంజి తాగినావు. నువ్వే కూకున్నావని సూసి, ఇంక మాకు బయిం నేదనుకున్నాను తల్లీ!”

సుభాషిణి మెట్లు దిగి భద్రతా గదికి పరుగెత్తింది. అక్కడి గుమాస్తా తెర చూసి తల అడ్డంగా ఊపాడు.

“మీవి ఏడేళ్లు దాచాం మేడమ్. కానీ అవి ఉప్పుగాలి పేరు కింద ఉన్నాయి. ఆ పేజీ లేదని మీరే ముద్ర వేశారు కదా. ఇప్పుడే శుద్ధయిపోయాయి.”

“ఒక్క పాటైనా?”

“క్షమించండి. ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు.”

ఆమె రొప్పుతూ పైకి వచ్చింది. ముసలమ్మ ఇంకా ఆ కుర్చీలోనే ఉంది.

“అమ్మా, నేను ఏ పాటలు వాయించేదాన్ని? ఎలా ఉండేది? ఒక్కసారి చెప్పండి!”

అప్పలనర్సమ్మ నెమ్మదిగా తలెత్తింది. “ఎవులమ్మా నువ్వు?”

“మీరు గవరయ్య అక్క కదా!”

“గవరయ్యా? అవునమ్మా, మా తమ్ముడే.” ఆమె ముఖంలో ఆశ మెరిసింది. సుభాషిణి చేయి గట్టిగా పట్టుకుంది. “నీకు ఆడు తెలుసునేటి? ఆడి ముకం అవుపిస్తంది గానీ, ఏటి సేసీవోడో ఎంతకీ గుర్తు రానేదు. కూకో తల్లీ. కూకుని సెప్పు.”