ఎర్రలైటు వెలగని బండి

తోళ్ళ గోదాం దగ్గర వెలుతురు నిలవదు. లారీ తోలే ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

గోదాం మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా దాని కంపు మాత్రం చావలేదు. కుళ్ళిన తోలు, మురిగిన ఉప్పునీళ్ళు, చచ్చిన ఎలుకలు... అద్దాలు ఎత్తుకున్నా ఆ రోత గాలి లోపలికి వచ్చి నాలుక మీద కూర్చుంటుంది. అయినా డ్రైవర్లు అక్కడ స్పీడు పెంచేది కంపుకి భయపడి కాదు.

"అక్కడొకటి ఉంది. హెడ్‌లైట్లు తాగేస్తది," అంటారు.

గోదాం వాచ్‌మన్‌ని పొట్టన పెట్టుకుంది కూడా అదేనట. తెల్లారేసరికి గేటు ముందు రోడ్డు మీద పడి ఉన్నాడట... ఒంట్లో ఒక్క ఎముకా సరిగ్గా లేదట.

దాన్ని మొట్టమొదట చూసింది మా అక్క మావగారు. నేనూ మావయ్య అనే పిలిచేవాణ్ణి. వాచ్‌మన్ పోయిన రాత్రే ఆయన ఐసు లోడుతో అటు వెళ్ళాడు. ఇంటికొచ్చి గజగజ వణుకుతూ చెప్పాడట — "లైట్లు గుడ్డివైపోయాయి. గేటు దగ్గర్నుంచి తెల్లగా ఒకటి... చెయ్యెత్తి ఎదురొచ్చింది. నా బండి దాకా వచ్చి మాయమైపోయింది."

లారీవాడు తప్పించుకున్నాడు, పాపం వాచ్‌మన్ దొరికిపోయాడు అన్నారు జనం. మావయ్య ఆ తర్వాత చచ్చేదాకా రాత్రిపూట బండి తియ్యలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ కథ రోడ్డంతా పాకింది. నాలుగురోడ్ల దగ్గర వాచ్‌మన్ పెళ్ళానికి చిన్న టీ కొట్టుండేది. దెయ్యం చేతిలో పోయినవాడి ఇంటి టీ మనకెందుకని లారీలన్నీ ఆగడం మానేశాయి. కాలినడకన పోయే కూలీలే ఆమెకి దిక్కు. నేనూ ఎన్నోసార్లు అటు పోయాను. ఒక్కసారీ ఆగలేదు.

మావయ్య పోయిన ఏడాది పోయాడు. బండి మా బావ చేతికొచ్చింది. అది మావయ్య వయసులో సగం ఉన్న ముసలి లారీ. పగటి లోడ్లు దొరక్క, చేపల మార్కెట్‌కి రాత్రి ఐసు వేయడానికి బావ ఒప్పుకున్నాడు.

మొదటి రాత్రే జరిగింది. ఐసు ఫ్యాక్టరీ నుంచి గంటన్నర దారి. తోళ్ళ గోదాం దగ్గరికి వచ్చేసరికి లైట్లు పసుపయ్యాయి... నారింజయ్యాయి... ఆరిపోయిన బొగ్గుల్లా అయిపోయాయి. బావ హడలిపోయి బ్రేకు తొక్కాడు. ఆ కంగారులో ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్కుమంది, అంతే.

దారిలో దొరికిన మెకానిక్ చేత కొత్త బ్యాటరీ వేయించాడు. రెండోసారీ అక్కడే. వాడి చేతే ఇంకో బ్యాటరీ వేయించాడు.

మూడోసారి జరిగింది బావ నాకు గొంతు తగ్గించి చెప్పాడు. చీకట్లో, ఆ కంపులో, క్యాబిన్‌లో ఒక్కడే కూర్చున్నాడట. వెనకనుంచి — టప్... టప్... టప్... ఎవరో తడికాళ్ళతో నడుస్తున్నట్టు.

"ఎవరది?" అన్నాడట.

తెల్లవార్లూ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వెలుగొచ్చాక దిగి చూస్తే కరుగుతున్న ఐసు నీళ్ళు. లోడు సగం రోడ్డు పాలైంది. ఇంకోసారి ఇలా వస్తే ఇక రావద్దన్నాడు మార్కెట్ మేస్త్రీ.

అక్క ఏడుస్తూ నా షాపుకొచ్చింది. నాది ఆటో ఎలక్ట్రీషియన్ పని.

"మీ బావ రేపు బండిని తుక్కుకి ఇచ్చేస్తాడటరా. 'ఆ దెయ్యం మా నాన్నని వదిలింది, నన్ను వదలదు' అంటున్నాడు. బండి పోతే మేమేం తిని బతకాలి?"

"ఇవాళ్టికి నా దగ్గర వదలమను," అన్నాను.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ టెర్మినళ్ళ మీద పచ్చగా, తెల్లగా పుండులా కట్టిన పొక్కు. కారిన ఆయిల్, దాని మీద దుమ్ము, అందులో బొద్దింకలు. రెండు బ్యాటరీలు మార్చిన ఆ మెకానిక్ మహానుభావుడు కనీసం గుడ్డపెట్టి తుడవలేదు. ఛీ! ఇలాంటివాళ్ళ వల్లే మా పనికి పరువు లేదు. బ్యాటరీ మార్చడం చేతకానివాడికి కూడా వచ్చు. అది ఎందుకు నిండటం లేదో చూడాలి కదా!

టెర్మినళ్ళు గీకాను. బెల్టు బిగువుగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరు పెట్టాను. ఛార్జింగ్ అవుతుంటే వోల్టేజి పెరగాలి. ఇది కొద్దికొద్దిగా దిగుతోంది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ విప్పి బల్ల మీద తిప్పి చూశాను. గుర్రంలా ఉంది. మళ్ళీ బిగించాను, మళ్ళీ అదే ఏడుపు.

విసుగొచ్చి ఇంజిన్ ఆపాను. తాళం మళ్ళీ తిప్పి, అలాగే ఆగిపోయాను.

డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలగలేదు.

తాళం తిప్పగానే ఆ చిన్న బల్బు వెలగాలి. ఇలాంటి పాత బళ్ళలో ఆ బల్బు గుండా పోయే చిటికెడు కరెంటే ఆల్టర్నేటర్‌ని నిద్ర లేపుతుంది. ఛార్జింగ్ మొదలయ్యాక బల్బు ఆరిపోతుంది. బల్బే లేకపోతే అది నిద్రలోనే తిరుగుతుంది. బండిని గట్టిగా రేజ్ చేస్తే ఒక్కోసారి దానంతటదే లేస్తుంది. పగలు లైట్లు వెయ్యం గనక అలా ఎన్నేళ్ళైనా నెట్టుకురావచ్చు. రాత్రి, లోడుతో, గుంతల దారిలో మెల్లగా పోతుంటే అది లేవదు, నిండు బ్యాటరీ లైట్లకి గంటన్నర వస్తుంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి గంటన్నర అంటే తోళ్ళ గోదామే.

డ్యాష్ విప్పి చెయ్యి పెట్టాను. బల్బు హోల్డర్ తగిలింది. ఖాళీగా ఉంది. దాని చుట్టూ నల్లటేపు చుట్టి ఉంది, ఎండి పెచ్చులైపోయిన పాత టేపు. బావ చుట్టింది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, మావయ్య మీసం దువ్వుకుంటూ అనే మాట. "నా బండిలో ఎర్రలైటు వెలగడం ఎవడైనా చూశాడా?" లోపం ఉందని చెప్పే దీపాన్ని పీకేసి, లోపమే లేదని చెప్పుకుని తిరిగాడు. చేతులకి అంటిన జిగురు గుడ్డకి తుడుస్తున్నాను, పోవడం లేదు. ఇంకో సంగతి కూడా తట్టింది. దాన్ని పైకి అనడానికి నోరు రాలేదు.

కొత్త బల్బు పెట్టాను. తాళం తిప్పితే వెలిగింది. ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది. మీటరు ముల్లు పైకి లేచింది.

ఆ రాత్రి లోడుతో బావ పక్కన నేనూ కూర్చున్నాను. తోళ్ళ గోదాం వచ్చింది. బావ స్టీరింగ్ మీదికి వంగి రోడ్డుకేసి చూశాడు... లైట్లు మాత్రం చెక్కు చెదరలేదు. తుప్పు గేటు, గోడ మీద నాచు, అన్నీ పట్టపగల్లా కనిపించాయి.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు!" బావ పగలబడి నవ్వాడు. "ఒక్క బల్బురా! పాపం మా నాన్న కూడా ఈ బల్బుకే..."

నవ్వు ఆగింది.

కొంచెం దూరం పోయాక అడిగాడు. "లైట్లు పోతే నేను ఆపాను. ఆపకపోతే... ఇంజిన్ ఆగదా?"

"డీజిల్ ఇంజిన్ బావా. ఒకసారి అందుకున్నాక కరెంటుతో పని లేదు. చీకట్లో కూడా పోతూనే ఉంటుంది."

"ఆ వాచ్‌మన్... ఏ రంగు చొక్కా వేసుకునేవాడు?"

నేను పొద్దున్నించీ దాచుకున్న మాట అదే.

"తెలుపు. అటు పోయినప్పుడు గేటు దగ్గర చూసేవాణ్ణి," అన్నాను.

బావ బండి ఆపి, తలుపు తీసి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. మనిషిని తొక్కించి, తేలుకుట్టిన దొంగలా ఇంట్లో పడుకుని, ఆ పాపం ఒక దెయ్యం నెత్తిన రుద్దిన మనిషికి నేను పాతికేళ్ళు లేచి నిలబడి దండం పెట్టాను. ఆ కథ నోరూరించుకుంటూ పదిమందికి చెప్పాను. థూ!

బావ మూతి తుడుచుకుని ఎక్కాడు.

"ఆయన పెళ్ళాం ఇంకా ఆ కొట్టులోనే ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది."

నాలుగురోడ్ల దగ్గర కొట్టులో అప్పుడే పొయ్యి రాజుకుంటోంది. బావ గేరు తగ్గించాడు. అక్కడ లారీ ఆగి ఎన్నేళ్ళైందో, ఆమె ఉలిక్కిపడి లేచింది. తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది. ఎవరొచ్చారో చూద్దామని రోడ్డు మీదికి వచ్చింది. మా లైట్లు సూటిగా మొహాన పడ్డాయి.

కళ్ళకి అడ్డంగా... చెయ్యెత్తింది.

బండి ఆమె ముందు ఆగింది, అయినా బావ బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు.